సాటింపు లేని మీటింగు

నాయకత్వం నేర్పుతామని హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు మొదటిరోజు మా చేత పాత పేపర్లతో గోపురం కట్టించారు. రెండోరోజు కళ్లకు గంతలు కట్టి సెమినార్ హాల్లో తిప్పారు. ఆ మర్నాడు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ మన బలమేమిటో చెప్పమన్నారు. నల్లగొండలో డిగ్రీ చివరి సంవత్సరం చదివే పిల్లలం, పొద్దున ఏదో ఇంత నోట్లో వేసుకుని బస్సుల్లో వేలాడుతూ వచ్చినవాళ్లం, ఒకరి కళ్లలోకి ఒకరం చూస్తే నవ్వు రాక ఏమొస్తుంది? నాకు మాత్రం నవ్వుకంటే ముందు చిరాకొచ్చింది. నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. మా అమ్మ జంగమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అంటుంది. అన్నప్పుడల్లా ఆమె మీద కూడా గయ్యిమంటాను.

నా వంతు వచ్చింది. "నా బలం కోపం మేడమ్," అన్నాను.

అందరూ పక్కున నవ్వారు. శిక్షణ ఇచ్చే నిహారిక మేడమ్ నవ్వలేదు. మాకంటే ఆరేడేళ్లు పెద్దదేమో, అంతే. మెడలో విజిల్, చేతిలో రంగు పెన్నులు. "కోపం అనొద్దు మల్లికా, ఎనర్జీ అందాం," అని బోర్డు మీద ఆకుపచ్చ రంగుతో రాసింది. ఇరవై ఏళ్లుగా మా వాడంతా కోపం అని తిట్టినదాన్ని ఆమె ఒక్క గీతతో ఎనర్జీ చేసేసింది. మనిషి మంచిదే. నాకు ఆమె మీద కోపం నిలవలేదు, అది నాకు చాలా అరుదు.

శిబిరం ఆఖరి పని ఊళ్లో. ముగ్గురు ముగ్గురుగా జట్టు కట్టి, జట్టులో ఎవరో ఒకరి ఊరికి పోయి, జనాన్ని కూడగట్టి, ఒక మంచి పనికి ఊరందరి ఒప్పుదల తీసుకోవాలి. మా జట్టులో నేను, త్రివేణి, పర్వతాలు. త్రివేణిది నల్లగొండ టౌనే. నెమ్మదస్తురాలు, ఏదైనా రెండుసార్లు ఆలోచించి ఒకసారి మాట్లాడుతుంది. పర్వతాలుది కట్టంగూర్ పక్క ఊరు, గొర్లు కాచే ఇల్లు. వాడు ఒక్కసారి కూడా ఆలోచించకుండా పది మాటలు మాట్లాడతాడు. లీడర్ ఎవరన్న ప్రశ్నే రాలేదు. "గొంతు నీదే పెద్దగున్నది, నువ్వే ఉండు," అన్నాడు పర్వతాలు.

ఊరు మాదే. మర్రిగూడ మండలం, మెట్ట ఊరు, పత్తి, కంది తప్ప ఇంకో పంట ఎరగని ఊరు. పని కూడా నేనే చెప్పాను. మా ఊళ్లో పాతబడి గది ఒకటి తాళం పడి ఉంది. డిగ్రీలు చేసి గ్రూప్స్‌కు చదువుకునే ఆడపిల్లలకు ఇంట్లో కూర్చునే జాగా ఉండదు. పుస్తకం తెరిస్తే చాలు, ఎవరో ఒకరు గిన్నెలు తోమమంటారు. ఆ గది చదువుకునే గది కావాలని నేను ఎప్పటినుంచో గింజుకుంటున్నాను. పంచాయతీ లెక్కలు చూసే కారోబార్ దామోదర్ సారు, "ఊరు కూసోని చేతులెత్తితే తాళం చెవి ఇస్తనమ్మా, నాదేం పోయింది," అన్నాడు. అంతవరకు బాగానే ఉంది.

ఆ రోజు పొద్దున నల్లగొండలో బస్సెక్కాం. నిహారిక మేడమ్ కారులో వెనక వస్తానంది. మీటింగు మధ్యాహ్నం. చండూరు దాటాక పర్వతాలు సీటు మీదుగా నా వైపు వంగి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా, "జనం గురించి ఫికర్ చెయ్యకు. నేను నిన్ననే ఇయ్యాలటికి సాటింపు పెట్టిచ్చిన," అన్నాడు.

"ఏం పెట్టిచ్చినవ్?"

"సాటింపే. డప్పు సాటింపు. మీ కారోబార్‌కు ఫోన్ చేసి చెప్పిన. వాట్సప్‌ల పెడితే ఎవడు సూస్తడే? డప్పు మోగితె ఊరంత కదులుతది. మేడమ్‌కు గూడ చెప్పిన, మస్తు ఖుషయింది. వీడియో తీపిస్తదంట."

నా చెవుల్లో బస్సు చప్పుడు ఆగిపోయింది. మా ఊళ్లో డప్పు సాటింపు చేసింది ఒకే ఒక మనిషి. మా బాపు, సోమన్న.

ఈ సంగతి కాలేజీలో ఎవరికీ తెలియదు. మీ నాయిన ఏం చేస్తాడంటే డ్రైవర్ అని చెబుతాను. అది నిజమే. పంచాయతీ ట్రాక్టర్ నడుపుతాడు, చెత్త ఎత్తుతాడు, రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోస్తాడు. కానీ దానికి ముందు చేసింది మా తాత నుంచి వచ్చిన డప్పు పని. ఊళ్లో మీటింగున్నా, పండగున్నా, చావున్నా బాపు డప్పు తీసుకుని వాడవాడా తిరిగి చెప్పాలి. నేను గురుకులంలో ఆరో తరగతి చదువుతున్నప్పుడు మా అవ్వ చచ్చిపోయింది. ఆ పొద్దుటే ఊళ్లో పెద్దింటి ముసలాయన కూడా పోయాడు. బాపును పిలిపించారు. ఇంట్లో తల్లి శవం ఉందని చెప్పినా, వచ్చి రెండు దెబ్బలు కొట్టి పోరా అన్నారు. రెండు దెబ్బలు సాయంత్రం దాకా సాగాయి. ఎండాకాలం. ఆగలేక మావాళ్లు అవ్వను బొందపెట్టేశారు. బాపు వచ్చేసరికి మట్టి కూడా ఆరిపోయింది.

ఆ రోజు డప్పును మేకుకు తగిలించి, "ఇగ ఎవలు పిలిచినా నేను కొట్ట," అన్నాడు. ఊరు బెదిరించింది, బతిమాలింది, కొన్నాళ్లు కూలికి కూడా పిలవలేదు. బాపు కొట్టలేదు. చర్చి పండక్కి మా వాడ పిల్లలు అడిగినా కొట్టలేదు. మా ఇంట్లో ఎవరం గొప్పలు చెప్పుకునేవాళ్లం కాదు గానీ, నాకు మా బాపు మీద ఉన్న గర్వమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

దామోదర్ సారుకు ఫోన్ చేశాను. కంగారులో రెండుసార్లు వేరే నంబర్‌కు పోయింది.

"మా బాపుకు సాటింపు చెప్పిండ్రా సారూ?"

"మీ పిలగాడే అడిగిండు గదమ్మా. నా సొంతంగ చేసిన్నా?"

"మా బాపు కొట్టడు. మీకు ఎరుక లేదా?"

"ఎందుకు కొట్టడు, ఒప్పుకుండు. నీ బిడ్డ ప్రోగ్రామే సోమన్నా, నీ బిడ్డనే సాటియ్యమన్నదట అన్న. నిజంగ నా బిడ్డనే అన్నదా అని అడిగిండు. తర్వాత సరే అన్నడు."

"నేను అనలేదు సారూ."

"గిప్పుడు నన్నేం చెయ్యమంటవ్? నాకు సవాలక్ష పనులున్నయ్," అని పెట్టేశాడు.

నేను అనని మాట కోసం మా బాపు తన మాట తప్పబోతున్నాడు. అదీ సంగతి. బాపుకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. అమ్మ పత్తి ఏరడానికి పోతే ఫోన్ ఇంట్లోనే పెట్టిపోతుంది. మళ్లీ బాపుకు చేశాను. మళ్లీ. లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, లేచాను. కండక్టర్, "దిగేది గిక్కడనా?" అని అడిగాడు. కాదన్నాను.

పర్వతాలు బిత్తరపోయి చూస్తున్నాడు. వాడికి చెప్పాను. చెప్పాను అంటే మెల్లగా కాదు, బస్సు మొత్తానికి వినబడేట్టు. మా బాపు ఎవరో, ఏం పని మానేశాడో, ఎందుకు మానేశాడో అంతా కక్కేశాను. ముందు సీట్లో ముసలామె కూడా తిరిగి విన్నది. మూడేళ్లు దాచుకున్న సంగతి చండూరుకూ మర్రిగూడకూ మధ్య అందరిదీ అయిపోయింది.

వాడి మొహం పాలిపోయింది. "మా ఊళ్లె గట్లనే పెడ్తరు మల్లికా. మా బీరప్ప పండక్కి డప్పులు లేందే ముగ్గుల పట్నం గూడ వెయ్యరు. నాకు సంబురమే అనిపిచ్చేది."

"నీకు సంబురమే ఉంటది. కొట్టెటోనికి ఎట్లుంటదో ఎన్నడన్న అడిగినవా?"

వాడు అడగలేదు. తలదించుకున్నాడు. త్రివేణి నా చెయ్యి పట్టుకుని, "తిట్టి ఏం లాభం, ముందు పోయి ఆపాలి," అంది. రైటే. కానీ బస్సు మన కోపం మీద నడవదు కదా. మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్లు. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, అవి ఇంకా ముద్దగా అతుక్కుంటున్నాయి. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పర్వతాలు ఎవరికీ చెప్పకుండా దిగాడు. నాలుక మడిచి ఏదో అరుపు అరిచాడు, ఒక పొట్టేలును మెడపట్టి పక్కకు లాగాడు. మంద మొత్తం దాని వెంట చేలోకి దిగింది. వాడు వచ్చి కూర్చుని, నా వైపు చూడకుండా, "గిప్పుడన్న జర తగ్గిందా?" అన్నాడు.

"తగ్గలే," అన్నాను. నిజానికి కొంచెం తగ్గింది.

మర్రిగూడలో ఆటో కిరాయి కూడా అడగకుండా ఎక్కి కూర్చున్నాను. ఊరి మొదట్లో దిగి చెవులు రిక్కించాను. ఎక్కడా చప్పుడు లేదు. మా వాడలోకి పరుగెత్తాను. ఇంటి వెనక నుంచి పొగ లేస్తోంది.

బాపు గొంతుకూర్చుని ఎండుగడ్డి మంట మీద డప్పు కాపుతున్నాడు. కాచకపోతే తోలు బిగియదు, మోగదు. ఒక చేత్తో డప్పును మంట చుట్టూ తిప్పుతూ, రెండో చేతి వేళ్లతో మధ్యమధ్య తట్టి చూస్తున్నాడు. అన్నేళ్లు దూరం పెట్టిన పని చేతులకు ఒక్క ముక్క కూడా మరుపు రాలేదు. అది చూసి నాకు ఇంకా మండింది.

"బాపూ, అది పక్కకు పెట్టు."

"వచ్చినవా బిడ్డా. ఆగు, ఇంకా జర కాగాలె. మూలకు పడి తోలు మెత్తవడ్డది."

"నేను కొట్టమన్లే బాపూ. మా పిలగాడు తెల్వక అడిగిండు. ఆ దామోదర్ సారు నా పేరు చెప్పిండు."

బాపు చెయ్యి ఆగింది. "నువ్వు అడగలేదా?"

"నేనెందుకు అడుగుత? నాకు ఎరుక లేదా?"

మంట వైపు చూశాడు. "నీ పనికైతె కొడదామనుకున్న. ఇంకెవలు అడిగినా కొట్టకపోదు."

 నాకు ఏడుపు వస్తే కోపంగానే బయటికొస్తుంది. "నా పనికి అసలే కొట్టొద్దు," అని డప్పు లాక్కున్నాను. వేడికి వేళ్లు చురుక్కుమన్నాయి. లోపలికి తీసుకెళ్లి మేకుకు తగిలించాను. బయటికి వచ్చేసరికి పర్వతాలు బాపు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తప్పయింది పెద్దనాయినా. నాకు తెల్వలే," అంటున్నాడు.

"నీకెట్ల ఎరుకైతది కొడుకా," అన్నాడు బాపు. "ఎండల వడి వచ్చిండ్రు, నీళ్లు తాగుండ్రి." తర్వాత నన్ను చూసి, "మరి జనం ఎట్లొస్తరు?" అన్నాడు.

"నేను పోయి పిలుస్త. ఇంటింటికి పోత."

బాపు ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. ఎన్నడు ఆగాను గనక. వెనక బాపు కాళ్లతో గడ్డిమంట ఆర్పుతున్న చప్పుడు వినబడింది.

ఇక మొదలైంది తిరుగుడు. త్రివేణిని గది దగ్గర కుర్చీలు చూడమన్నాను. పర్వతాలు గొల్లవాడకు పోయాడు. మిగిలిన ఊరు నాది. నేను పుట్టిన ఊళ్లో నేను ఎన్నడూ అడుగుపెట్టని గల్లీలు ఎన్ని ఉన్నాయో అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు మా కాళ్లు వాటంతట అవే పక్కకు తిరిగేవి. ఇవాళ తిప్పలేదు.

మొదటి ఇంట్లోనే దెబ్బ. అరుగు మీద పెద్దామె కందులు చెరుగుతోంది. మా వాడ ముసలివాళ్లు ఆమెను దొరసానీ అంటారు. నేను, "పెద్దమ్మా, పగటిపూట పాతబడి కాడ మీటింగున్నది, రావాలె," అన్నాను. పెద్దమ్మా అన్న మాటకు చాట ఆగింది.

"ఎవల పిల్లవే నువ్వు?"

"సోమన్న బిడ్డను."

"సోమన్న మళ్ల సాటిస్తడన్నరు, డప్పు సప్పుడే ఇనవడలే గదా, మీటింగెక్కడిది?"

"నేను చెప్తున్న గదా."

"సోమన్నకు పానం బాగలేదా?"

"బాగనే ఉన్నది. డప్పు కొట్టడు. నేను పిలుస్త."

"ఎన్నడు లేని ఇచ్చెంత్రం," అని చాట మళ్లీ ఎత్తింది. వస్తానని అనలేదు, రానని అనలేదు.

అక్కడినుంచి ప్రతి గడప దగ్గరా ఇదే. కొందరు నవ్వారు. ఒకాయన టీవీ చూస్తూనే చెయ్యి ఊపాడు. ఇంకొకాయన, "డప్పు కొడ్తెనే గది ఊరి మీటింగు, లేకుంటె మీ ఇంటి మీటింగు," అన్నాడు. "మా ఇంటి మీటింగుకైతే నిన్ను పిలువను తాతా," అన్నాను. ఆయన కోడలు లోపల కిసుక్కున నవ్వింది. ఆ కోడలు తర్వాత మీటింగుకు వచ్చింది. ఒకామె చంటిపిల్లను నా చేతిలో పెట్టి, నీళ్ల బిందె దించుకుని వచ్చి, అప్పుడు చెప్పమంది. డిగ్రీ ఆపేసిన ఒక పిల్ల గేటు దాకా వచ్చి, "నిజంగ గది ఇస్తరా అక్కా?" అని అడిగింది. ఇస్తారన్నాను. నాకే నమ్మకం లేదు, కానీ ఆ పిల్ల మొహం చూసి ఇంకేం చెప్పను?

గొంతు బొంగురుపోయింది. చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకునే తిరిగాను. ఊరి చివర పత్తిచేలోకి కూడా దిగి, అమ్మనూ ఆమెతో ఏరుతున్న ఆడవాళ్లనూ పిలిచాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "గిదేం అవతారమే?" అంది. తర్వాత చెబుతానని మళ్లీ పరుగు. వెనకాల నా జట్టు కాదు గదా, నా నీడ కూడా నన్ను అందుకునేట్టు లేదు.

మీటింగు వేళకు పాతబడి ముందు వేసిన కుర్చీల్లో సగం నిండాయి. నేను లెక్కబెట్టలేదు, చూడాలంటే భయం. గొల్లవాడ నుంచి పర్వతాలు ఒక గుంపునే తోలుకొచ్చాడు. పత్తి ఏరే ఆడవాళ్లు నడుముకు కట్టిన ఒడులు విప్పకుండానే వచ్చి వెనక నిలబడ్డారు. పెద్దింటి గల్లీ నుంచి కొందరు వచ్చారు, కందులు చెరిగే ఆమె రాలేదు. నిహారిక మేడమ్ కారు దిగి ఇటూ అటూ చూసింది. "డప్పు ఏదీ? వీడియోకి రెడీగా ఉన్నాం కదా."

"డప్పు లేదు మేడమ్. ఇంటింటికి పోయి పిలిచినం."

ఆమె నా చేతిలో చెప్పు చూసింది. ఇంకేం అడగలేదు.

నేను మాట్లాడాను. బొంగురు గొంతుతోనే. ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు. మా పిల్లలు గిన్నెలు తోమి తోమి చదువు మరిచిపోతున్నారని అన్నట్టున్నాను, ఆడవాళ్లు నవ్వారు. ఎవరో గదికి ఎవరు కాపలా అన్నారు, ఇంకెవరో కరెంటు బిల్లు ఎవరు కడతారన్నారు. త్రివేణి ఒక్కోదానికీ నిదానంగా జవాబు చెప్పింది. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమన్నాను. ముందు ఆడవాళ్లు ఎత్తారు. తర్వాత గొల్లవాడ. తర్వాత ఒక్కొక్కటే మిగిలినవి. దామోదర్ సారు జేబులోంచి తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. జనం లేచి టీ గ్లాసుల చుట్టూ మూగారు. నిహారిక మేడమ్ మా ముగ్గురినీ పక్కకు పిలిచింది. "చాలా బాగా చేశారు. చివరికి ఒకే ప్రశ్న. ప్రతి మీటింగు తర్వాత లీడర్ తనను తాను అడగాల్సిన ప్రశ్న. ఇవాళ ఇక్కడ ఎవరు లేరు?"

పర్వతాలు, "ముసలోళ్లు తక్కువొచ్చిండ్రు మేడమ్," అన్నాడు. త్రివేణి, "పెద్దింటి గల్లీ ఆడవాళ్లు," అంది.

నాకు ఉక్రోషం వచ్చింది. "రాకపోతే వాళ్ల ఇష్టం మేడమ్. నేను మాత్రం ఒక్క ఇల్లు ఇడవలే. ఊళ్లె ప్రతి గడప తొక్కి పిలిచిన."

వెనక అమ్మ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వచ్చిందని నేను చూడలేదు. "మన గడప తొక్కలే గదనే," అంది.

"ఏందమ్మా?"

"మీ బాపును పిలువలే. నేను వచ్చేటప్పుడు ఇంటికి పోయొచ్చిన. ఉతికిన అంగి తొడుక్కోని, తల దువ్వుకోని గడపల కూసున్నడు. రారాదయ్యా అంటె, పిల్ల ఇంటింటికి వస్తున్నది గద, మనింటికి గూడ వస్తది అన్నడు."

 డప్పు ఆపాను, అంతే, బాపు పని అయిపోయిందనుకున్నాను. మళ్లీ పరుగు. ఈసారి రెండో చెప్పు కూడా ఎక్కడో వదిలేశాను.

బాపు గడపలో కూర్చునే ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. నేను వాకిట్లో నిలబడి రొప్పుతున్నాను.

"అయిపోయిందా బిడ్డా?"

"ఎందుకు రాలే బాపూ?"

అరచేతులు చూసుకున్నాడు. "ఎన్ని మీటింగులకు పిలిచిన్నో నాకే యాదిలేదు. అందర్నీ పిలిచి, అందరు కూసున్నంక దూరంగ నిలవడేటోణ్ణి. పిలిచెటోణ్ణి మళ్ల ఎవలు పిలుస్తరు? ఇయ్యాల డప్పు వద్దన్నవు. అయితే నన్ను గూడ అందర్లెక్కనే పిలుస్తవేమో అనుకున్న." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను బతికిపోయేదాన్ని.

"తప్పయింది బాపూ. మీటింగుకు రా."

"అయిపోయిందంటివి గద."

"అయిపోలే. రా."

అక్కడికి చేరేసరికి జనం సగం వెళ్లిపోయారు. పిల్లలు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. దామోదర్ సారు బాపును చూసి, "మంచి టైముకొచ్చినవ్ సోమన్నా. ట్రాక్టర్ తెచ్చి గీ కుర్చీలు టెంట్‌హౌస్ కాడ దింపిపో," అన్నాడు. బాపు కాళ్లు అలవాటుగా కుర్చీల వైపు కదిలాయి.

"సారూ, మా బాపు మీటింగుకు వచ్చిండు," అన్నాను. అరవలేదు. నా గొంతు అంత మెల్లగా రావడం నేనే మొదటిసారి విన్నాను. పేర్చిన కుర్చీల్లోంచి ఒకటి లాగి, గది ముందు, మొదటి వరసలో వేశాను. "కూసో బాపూ."

"అయిపోయింది గదమ్మా, చేతులెత్తుడు గూడ అయింది," అన్నాడు దామోదర్ సారు.

"ఇంకా ఉన్నది."

బాపు అటూ ఇటూ చూశాడు. నిహారిక మేడమ్ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. అమ్మ వచ్చి కింద కూర్చోబోయింది, త్రివేణి ఆమెకు కుర్చీ వేసింది. పర్వతాలు వెళ్లిపోతున్నవాళ్లలో నలుగురినో ఐదుగురినో వెనక్కి తిప్పుకొచ్చాడు. మిగిలినవాళ్లు టీ తాగుతూ వింతగా చూశారు. చూడనీ. బాపు కూర్చున్నాడు, కుర్చీ అంచున, ఎవరో లేవమంటారన్నట్టు.

నేను మొదటినుంచీ చెప్పాను. గది సంగతి, పిల్లల సంగతి, కాపలా, కరెంటు బిల్లు, అన్నీ. ఇంట్లో బాపుకు వందసార్లు చెప్పినవే. అయినా కొత్త మనిషికి చెప్పినట్టు చెప్పాను. బాపు కూడా ఎన్నడూ విననట్టే విన్నాడు. మధ్యలో మెల్లగా వెనక్కి జరిగి, కుర్చీకి వీపు ఆనించాడు.

"ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తుండ్రి," అన్నాను.

బాపు దామోదర్ సారు వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. గది తలుపు వైపు చూస్తూ కుడిచెయ్యి ఎత్తాడు. దించమని నేను చెప్పాలి. చెప్పలేదు. బాపు చెయ్యి అట్లాగే ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు.